బ్లూమింగ్టన్ సంగీత పాఠశాలలో విద్యార్థుల కచేరీలకు బయటివారు వెళ్ళవచ్చునా?

ప్రశ్న: విజయనగరం శ్రోత

అందరికీ నమస్కారం. నేను విజయనగరంలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఉంటున్నందువల్ల ఆరు నెలలు ఉండి వెళ్దామని నేనూ మా ఆవిడా కిందటి నెల ఇక్కడికి వచ్చాము. పగటిపూట ఇంట్లో ఎవరూ ఉండరు కనుక రోజూ ఉదయం విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి నడకకు వెళ్తున్నాను. ఆ దారిలో సాధన గదులున్న గుండ్రని భవనం ఒకటి ఉంది. దాని పక్కన నిలబడితే ఒక కిటికీలోంచి వయొలిన్, మరో కిటికీలోంచి బాకా, ఇంకెక్కడి నుంచో ఒక అమ్మాయి స్వరసాధన, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసి వినిపిస్తాయి. మొన్న ఎవరో ఒకే నాలుగు స్వరాల వరుసను, తప్పిన చోట ఆగి మళ్ళీ మొదటి నుంచి, నేను అక్కడ నిలబడిన పావుగంటసేపూ వాయిస్తూనే ఉన్నారు. చిన్నప్పుడు మా ఊళ్ళో మహారాజా సంగీత కళాశాల గోడ వెంబడి బడికి నడిచిన రోజులు గుర్తుకొచ్చి కాళ్ళు కదలలేదు.

అది ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన జేకబ్స్ సంగీత పాఠశాల అనీ, చదువులు నడిచే నెలల్లో అక్కడ దాదాపు ప్రతి సాయంత్రం ఏదో ఒక కచేరి ఉంటుందనీ, చాలావాటికి టిక్కెట్టు ఉండదనీ మా అల్లుడు చెప్పాడు. టిక్కెట్టు లేదంటే నిజంగా ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చునా, లేక అవి విద్యార్థుల బంధుమిత్రుల కోసం జరిగేవా అన్నది నా మొదటి సందేహం. కార్యక్రమాల జాబితాలో చాలా చోట్ల ఒక విద్యార్థి పేరు, దాని పక్కన రిసైటల్ అన్న మాట కనిపిస్తున్నాయి. మామూలు కచేరికీ దానికీ తేడా ఏమిటో తెలియడం లేదు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి విన్నది కర్ణాటక సంగీతమే. పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు కూడా రావు. మన సభల్లో ఆలాపన బాగుంటే ఆహా అంటాము, తొడ మీద తాళం వేస్తాము, కృతి పూర్తికాకముందే చప్పట్లు కొట్టినా విద్వాంసుడు సంతోషిస్తాడే తప్ప తప్పుపట్టడు. ఇక్కడ ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియక, ఏడాదిపాటు కష్టపడి సిద్ధమైన ఏ పిల్లవాడి ఏకాగ్రతనో నేను చెడగొడితే ఎలాగన్న భయం ఉంది. మా ఆవిడ చీరలోనే వస్తుంది. ఏడేళ్ళ మనవరాలు తానూ వస్తానంటోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం: బ్లూమింగ్టన్ నివాసి

మాస్టారికి నమస్కారం. మీరు నిస్సంకోచంగా వెళ్ళండి. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ వీలు చిక్కినప్పుడల్లా ఆ హాళ్ళలో కూర్చుంటున్నాను. మీరెవరు, ఎవరి తరఫున వచ్చారు అని ఏ తలుపు దగ్గరా నన్ను ఎవరూ అడగలేదు.

సుమారు 80 వేల జనాభా ఉన్న ఈ చిన్న ఊళ్ళో ఆ ఒక్క పాఠశాలే ఏడాదికి 1,100కు పైగా ప్రదర్శనలు ఇస్తుంది. వాటిలో అధికభాగం ఉచితం. 1,600 మందికి పైగా విద్యార్థులు అక్కడ గానం, వాద్యం, స్వరరచన, జాజ్, బాలే నృత్యం నేర్చుకుంటున్నారు కనుక అన్ని కచేరీలు జరగడంలో వింత లేదు. 1921లో విశ్వవిద్యాలయంలో ప్రత్యేక పాఠశాలగా ఏర్పడిన ఈ సంస్థకు 1947 నుంచి 1973 వరకు డీన్‌గా ఉన్న విల్‌ఫ్రెడ్ బెయిన్ కాలంలో పెద్ద పేరు వచ్చింది. జేకబ్స్ అన్న పేరు మాత్రం 2005లో ఒక దాతల కుటుంబం ఇచ్చిన భారీ విరాళం తరువాత చేరింది. సెల్లో (కూర్చుని, నేలకు ఆనించి వాయించే పెద్ద వయొలిన్ వంటి వాద్యం) వాద్యకారుడు యానోష్ స్టార్కర్ 1958లో ఇక్కడికి వచ్చి 2013లో కన్నుమూసే వరకు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ ఈ ఊరి బిడ్డే. అందువల్ల ఇక్కడ ఒక విద్యార్థి కచేరికి వెళ్తే ఏదో పిల్లల కార్యక్రమం అనుకోకూడదు. రేపు పెద్ద ఆర్కెస్ట్రాల్లో కూర్చోబోయేవాళ్ళు ఈరోజు మన ముందు వణుకుతూ నిలబడతారు.

మ్యూజికల్ ఆర్ట్స్ సెంటర్ అన్నింటిలోకి పెద్దది. 1972లో ప్రారంభమైన ఆ హాల్లో 1,460 కుర్చీలు ఉంటాయి. ఒపేరాలు, అంటే పాటలతోనే నడిచే నాటకాలు, బాలేలు అక్కడే జరుగుతాయి, వాటికి టిక్కెట్టు కొనాలి. ఒపేరా ఇటాలియన్‌లోనో జర్మన్‌లోనో పాడినా వేదిక పైభాగాన ఇంగ్లీషు అనువాదం చూపిస్తారు కనుక కథ అర్థమవుతుంది. ఔవర్ హాల్ సుమారు 400 కుర్చీలది. వేదిక వెనుక గోడంతా ఆక్రమించిన పెద్ద ఆర్గన్ అక్కడ ఉంది. దానిమీద మంద్రస్వరం మోగినప్పుడు శబ్దం చెవికన్నా ముందు కుర్చీ చేతుల్లో తెలుస్తుంది. ఫోర్డ్ క్రాఫర్డ్ హాలు ఇంకా చిన్నది, ఎక్కడ కూర్చున్నా వాయించేవారి వేళ్ళు కనిపిస్తాయి. మొదటిసారికి మీకు నేను దాన్నే సిఫారసు చేస్తాను.

చప్పట్ల విషయంలో మీ భయం అర్థమైంది, ఎందుకంటే నేను ఆ తప్పు చేసినవాణ్ణే. వాళ్ళ రచనల్లో చాలావాటికి మూడో నాలుగో భాగాలు ఉంటాయి, వాటిని మూవ్‌మెంట్లు అంటారు. రాగం, తానం, పల్లవి మూడూ కలిసి ఒకే నిర్మాణమైనట్టే ఆ భాగాలన్నీ కలిస్తేనే ఒక రచన పూర్తయినట్టు లెక్క. మనం రాగం ముగియగానే చప్పట్లు కొడతాము, ఇక్కడ మాత్రం చివరి భాగం అయ్యేదాకా ఆగుతారు. తలుపు దగ్గర ఇచ్చే కార్యక్రమపత్రంలో రచన పేరు కింద కొంచెం లోపలికి జరిపి భాగాల పేర్లు వరుసగా అచ్చువేస్తారు. వాటిని వేళ్ళమీద లెక్కపెట్టుకోండి. లెక్క తప్పితే వాయించేవారి చేతులు చూడండి. కమాను గాల్లోనే ఆగి ఉన్నంతసేపు సంగీతం ఇంకా నడుస్తున్నట్టే. ఆ చేయి కిందికి దిగి, భుజాలు సడలి, మనవైపు చూసినప్పుడు మీరు ఎంత గట్టిగా కొట్టినా తక్కువే.

ఆలస్యంగా వెళ్తే తలుపు బయటే ఆగి, ఒక రచన పూర్తయి చప్పట్లు వినిపించినప్పుడు లోపలికి వెళ్ళాలి. దగ్గు బిళ్ళల కాగితాలు ముందే విప్పి పెట్టుకోవడం మంచిది, నిశ్శబ్దంలో ఆ చప్పుడు చాలా దూరం వెళ్తుంది. చీర గురించి ఆలోచించనే వద్దు, మా ఇంట్లోవాళ్ళు పట్టుచీరతో ఒపేరాకూ వెళ్ళారు, మామూలు నేతచీరతో మధ్యాహ్నపు రిసైటల్‌కూ వెళ్ళారు.

మీవంటి కర్ణాటక శ్రోతకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఏదో ఒక రోజు జాజ్ కచేరికి తప్పకుండా వెళ్ళండి. డేవిడ్ బేకర్ అనే విద్వాంసుడు ఇక్కడ ఆ విభాగాన్ని నిలబెట్టారు. అక్కడ పద్ధతి పూర్తిగా వేరు. ఒక్కొక్కరు తమ మనోధర్మం కొద్దీ వాయించి ముగించగానే, పాట మధ్యలోనే, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం తరువాత మనం కొట్టినట్టు చప్పట్లు కొడతారు. ఆహా అన్నా ఎవరూ తిరిగి చూడరు.

సమాధానం: ఒక విద్యార్థిని తల్లి

రిసైటల్ అంటే ఏమిటని మాస్టారు అడిగిన ప్రశ్నకు నేను కొంచెం వివరంగా చెప్పగలను. మా పెద్దమ్మాయి అమెరికాలోనే మరో విశ్వవిద్యాలయంలో వయోలా వాద్యంలో పట్టా తీసుకుంది. వయోలా అంటే వయొలిన్ కంటే కాస్త పెద్దదై, ఇంకొంచెం మంద్రంగా పలికే వాద్యం.

రిసైటల్ అన్నది వాళ్ళకు పరీక్ష. మన విద్యార్థి డిగ్రీ కోసం చివరి సంవత్సరం పరీక్ష రాసినట్టే, వాళ్ళు తమ పట్టా కోసం ఒక సాయంత్రం నిర్ణీత సమయంపాటు జనం ఎదుట వాయించి తీరాలి. ఏ రచనలు వాయించాలో గురువుతో కూర్చుని నెలల ముందు నిర్ణయించుకుంటారు. హాలు తేదీ సంపాదించుకోవడం, పియానో సహకారం అందించేవారిని వెతుక్కోవడం, వాళ్ళతో రిహార్సళ్ళు, కార్యక్రమపత్రం రాసుకోవడం, అన్నీ ఆ పిల్లలే చేసుకుంటారు. గానం నేర్చుకునేవాళ్ళు జర్మన్, ఫ్రెంచ్ పాటల సాహిత్యానికి అనువాదం కూడా సిద్ధం చేస్తారు. మా అమ్మాయి ఆ నాలుగు నెలలూ ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా మాటల మధ్యలో ఆమె ఎడమచేతి వేళ్ళు ఏదో ఒక గట్టిదాని మీద టకటకలాడటం వినిపించేది.

ఆమె రిసైటల్ ఒక గురువారం సాయంత్రం జరిగింది. మేము నలుగురం ఎనిమిది గంటలు కారులో ప్రయాణం చేసి వెళ్ళాము. హాల్లో కూర్చున్నవాళ్ళు, మాతో కలిపి, పదకొండు మంది. అదే సాయంత్రం మరో రెండు కచేరీలు ఉండటంతో ఆమె స్నేహితులు కూడా రాలేకపోయారు. తలుపు తీసుకుని వేదిక మీదికి వచ్చినప్పుడు ఆ పిల్ల చూపు ఖాళీ కుర్చీల మీద ఒక్క క్షణం ఆగింది. తల్లిని కదా, నాకు తెలిసింది. రెండో వరుసలో తెల్లజుట్టు దంపతులు ఒకరు కూర్చుని ఉన్నారు. వాళ్ళు ఎవరికీ బంధువులు కారు. ఆ ఊళ్ళోనే ఉంటారట, వారానికి రెండుసార్లు వస్తారట. కచేరి అయ్యాక ఆ పెద్దావిడ మా అమ్మాయి చేయి పట్టుకుని, నెమ్మదిగా సాగిన రెండో భాగం చివర మీరు ఆ స్వరాన్ని అలా పలచబరుస్తూ వదిలేశారే, అది నాకు చాలా నచ్చింది అని చెప్పింది. మేమంతా బాగుంది బాగుంది అన్నాము కానీ ఆ స్వరాన్ని మాలో ఎవరమూ గమనించలేదు. అంతకాలం సాధన చేసింది ఆ ఒక్క ముగింపు కోసమేనని ఆ రాత్రి మా అమ్మాయి చెప్పింది.

కనుక వెళ్ళవచ్చునా అని మీరు అడిగారు, దయచేసి వెళ్ళండి అని నేను వేడుకుంటున్నాను. ఒక్క శ్రోత కూర్చున్నా ఆ హాలు హాలుగా మారుతుంది. ముఖ్యంగా ఏప్రిల్‌లో, విద్యాసంవత్సరం ముగిసేముందు, ఒకే సాయంత్రం మూడు నాలుగు రిసైటళ్ళు వచ్చి పడతాయి. ఆ రోజుల్లో కుర్చీలు మరీ ఖాళీగా ఉంటాయి.

సమాధానం: ఇద్దరు పిల్లల తండ్రి

మనవరాలి విషయం ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. చిన్నపిల్లలతో రిసైటల్‌కు వెళ్ళేముందు ఆ కార్యక్రమానికి పిల్లల్ని అనుమతిస్తారో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది. వెళ్ళినప్పుడు చివరి వరుసలో, తలుపు పక్క కుర్చీలు తీసుకోండి. పాప విసుగుపడితే ఒక రచన ముగిసిన చప్పట్లలో లేచి బయటికి రావచ్చు, అది అమర్యాద కాదు. మా పిల్లలకు మొదట బాగా నచ్చింది డిసెంబరు ప్రాంతంలో ప్రతి ఏటా ఇక్కడ వేసే నట్‌క్రాకర్ బాలే. రంగులు, నృత్యం, ఆర్కెస్ట్రా అన్నీ ఉంటాయి కనుక రెండు గంటలు కదలకుండా చూశారు. దానికి టిక్కెట్లు త్వరగా అయిపోతాయి.

సమాధానం: సంగీత కళాశాల పూర్వ విద్యార్థి

ఈ చర్చ చదువుతూ ఉంటే నాకు సంతోషంతోపాటు కొంత బాధ కూడా కలిగింది. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక సంగీత కళాశాలలో నాలుగేళ్ళ సర్టిఫికెట్, ఆ తరువాత రెండేళ్ళ డిప్లొమా గాత్రంలో పూర్తిచేశాను. మాకూ ప్రాక్టికల్ పరీక్ష ఉండేది. ఒక గది, తలుపు మూసి ఉంటుంది, లోపల పరీక్షాధికారులు, శ్రుతి, నేను. వర్ణం పాడమన్నారు, పాడాను. కల్యాణి ఆలాపన మొదలుపెట్టి రెండు నిమిషాలు కాకముందే చాలు, కృతి అందుకో అన్నారు. బయట వరండాలో మిగతా విద్యార్థులు తమ వంతు కోసం నోట్సు తిరగేస్తూ కూర్చున్నారు, ఎవరి పాట ఎవరూ వినలేదు. ఆరేళ్ళు చదివిన నేను శ్రోతల ఎదుట గంటసేపు పాడింది ఒక్కసారి కూడా లేదు. మా గురువులు లోపం చేయలేదు, వారు ప్రేమగా నేర్పారు. ఆ పరీక్ష తలుపు తెరిచి ఊరివాళ్ళను పిలవవచ్చునన్న ఆలోచన మా ఏర్పాటులో లేదు.

విజయనగరం కళాశాల 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి అధ్యక్షులు, ద్వారం వేంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను నాయుడుగారు ఒంటరిగా వేదిక మధ్యలో కూర్చోబెట్టి నిండు కచేరి చేసి చూపించారు. అటువంటి చోట చదివే పిల్లలు చివరి ఏడాది ఒక్కొక్కరు ఒక్కొక్క సాయంత్రం, వయొలిన్, మృదంగం సహకారంతో, ఊరి జనం ఎదుట గంటంబావు పాడితే పరీక్షా అవుతుంది, కచేరీ అవుతుంది. దానికి కొత్త భవనం అక్కర్లేదు, ఉన్న హాలు తలుపు తీసి, వీధి గేటుకు ఒక బోర్డు కడితే చాలు.

అమెరికాలో ఉన్నవారికి మరొక విషయం. మన సంగీతం కూడా అక్కడి విశ్వవిద్యాలయ హాళ్ళలో వినిపిస్తుంది. 1978లో ఒహాయో రాష్ట్రంలో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ సంగీత భవనంలోని సభామందిరంలో ఎన్నో ఏళ్ళు జరిగింది. కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచి కర్ణాటక సంగీతం పాఠ్యాంశంగా ఉంది, ఏటా నవరాత్రి ఉత్సవం కూడా చేస్తారు. ఈస్టర్ సమయానికి మాస్టారు ఇంకా అక్కడే ఉంటే క్లీవ్‌లాండ్ కార్యక్రమాల వివరాలు అడిగి తెలుసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారి స్పందన: విజయనగరం శ్రోత

సమాధానాలు రాసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కిందటి శనివారం మధ్యాహ్నం నేనూ మా ఆవిడా మనవరాలూ ఫోర్డ్ క్రాఫర్డ్ హాలుకు వెళ్ళాము. సెల్లో వాయించే ఒక అమ్మాయి రిసైటల్ అది. మేము చివరి వరుసలో కూర్చున్నాము. మొత్తం ఇరవై మందిమి ఉంటాము.

ఆ అమ్మాయి వచ్చి వంగి నమస్కరించి, కుర్చీలో కూర్చుని, అరచేతులు రెండూ నల్లని లంగాకు తుడుచుకుంది. సెల్లో కిందనున్న ఇనుప మొనను చెక్క నేలలో అదిమి, జారకుండా ఒకసారి ఊపి చూసుకుంది. తరువాత కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. మొదటి రచన బాఖ్ అనే జర్మన్ స్వరకర్త ఒంటరి సెల్లో కోసం రాసిన మూడో సూట్, అంటే చిన్న భాగాల వరుస. కార్యక్రమపత్రంలో దాని కింద ఆరు పేర్లు ఉన్నాయి కనుక నేను కుడిచేతి వేళ్ళు సిద్ధం చేసుకున్నాను.

ఆమె కమాను ఎత్తి మొదలుపెట్టగానే నేను ఉలిక్కిపడ్డాను. స ని ద ప మ గ రి స. నిలువునా శంకరాభరణం అవరోహణ! షడ్జం దగ్గర ఆగకుండా, కింది స్థాయిలోకి ప గ స అంటూ మెట్లు దిగి, మంద్ర షడ్జం మీద నిలిచింది. ఓనమాలు రావని రాసుకున్న నాకు మొదటి వాక్యమే నోటికి వచ్చిన పాఠమైంది. గమకం లేదు, స్వరాలు నిటారుగా నిలబడ్డాయి, అయినా అది మా ఇంటి వీధిలా తెలిసిన దారి. మా ఆవిడ నా మోచేయి నొక్కింది. ఆవిడకూ తెలిసింది. నాలుగో భాగం చాలా నెమ్మదిగా సాగింది. అది ముగిశాక చప్పట్లు కొట్టాలని చేతులు లేచాయి కానీ ఆ అమ్మాయి కమాను ఇంకా గాల్లోనే ఉంది. ఈ చర్చలో చదివింది గుర్తుకొచ్చి చేతులు ఒడిలో పెట్టుకున్నాను. ఆరో భాగం అయ్యాక, భుజాలు దిగాక, తృప్తిగా కొట్టాము. మనవరాలు అందరికన్నా చివర ఆపింది.

తరువాత పియానోతో కలిసి బ్రామ్స్ సొనాటా ఒకటి వాయించారు. పియానో పక్కన మరొక కుర్రవాడు కూర్చుని, పుట అయిపోవస్తుందనగా లేచి, ఎడమచేత్తో కాగితం కొస పట్టుకుని ఆగి, సరిగ్గా సమయానికి తిప్పి మళ్ళీ కూర్చునేవాడు. మా పాప ఆ గంటలో ఎక్కువసేపు చూసింది ఆ అబ్బాయినే. ఒక్కసారి రెండు పుటలు కలిసి వచ్చినప్పుడు దానికి ఊపిరి ఆగినంత పనైంది.

అంతా ముగిశాక తలుపు దగ్గర ఆ సెల్లో అమ్మాయి నిలబడి అందరితో మాట్లాడుతోంది. వయోలా అమ్మాయి తల్లిగారు రాసింది మనసులో ఉంది కనుక, బాగుంది అని వచ్చేయకుండా, నాకు వచ్చిన ఇంగ్లీషులో ఆ మొదటి స్వరాల వరుసను మేము శంకరాభరణం అంటామని చెప్పాను. ఎలా పాడతారని ఆ అమ్మాయి అడిగింది. అక్కడే నిలబడి, గొంతు సవరించుకుని, అవరోహణ గమకాలతో నెమ్మదిగా పాడి చూపించాను. రిషభం దగ్గర ఆమె తల పక్కకు వంచి, ఆ ఒక్కటి మళ్ళీ పాడండి అంది. రెండుసార్లు పాడాను. ఆమె ఎడమచేతి వేలు తన కుడి ముంజేతి మీద ఆ ఊగు ఎలా ఉంటుందో వెతుక్కుంటూ కదిలింది.

మేము బయలుదేరుతుంటే నా కార్యక్రమపత్రం అడిగి తీసుకుని, దాని అంచున పెన్సిలుతో తన స్నేహితురాలి రిసైటల్ తేదీ రాసి ఇచ్చింది. వచ్చే ఆదివారం నాలుగు గంటలకు, అదే హాల్లో. ఆ అమ్మాయిది గాత్రం, జర్మన్ పాటలు పాడుతుందట. మా ఆవిడ అప్పుడే ఏ చీర కట్టుకోవాలో తీసి పెట్టుకుంది.